సింగరేణి లాంటి సర్కారు గనులతో దేశానికి నికరంగా మిగిలేదేమిటి?

మీ ప్రశ్న ఇది: "గనులు ప్రభుత్వం చేతిలో ఉంటే దేశం పది కాలాల పాటు బాగుపడుతుందా, లేక ప్రైవేటుకు అప్పగించి రాయల్టీ, పన్నులు వసూలు చేసుకోవడమే మేలా?" ఈ ప్రశ్నకు గాల్లో జవాబు చెప్పలేం, ఒక గనిని ఎదురుగా పెట్టుకుని లెక్క వేయాలి. మనకు దగ్గరగా ఉన్నది సింగరేణి, కాబట్టి దాన్నే తీసుకుంటాను.

ముందుగా ఒక మాట. తీసిన బొగ్గు పొర (సీము) చేనులాగా మరుసటి ఏడు మళ్లీ పండదు. అందుకే గని మీద వచ్చే డబ్బులో కొంత భాగం నిజానికి ఆదాయం కాదు, ఆస్తి అమ్మగా వచ్చిన సొమ్ము. పొలం అమ్మి ఇంటి ఖర్చుకు వాడుకున్న రైతు, అదే డబ్బుతో బోరు వేయించి ఇంకో రెండెకరాలు కొన్న రైతు ఒకటి కారు. సర్కారు గని వల్ల దేశానికి మేలు జరిగిందా లేదా అన్నది ఈ ఇద్దరిలో ప్రభుత్వం ఏ రైతులా నడుచుకుందన్న దాన్ని బట్టి తేలుతుంది. యాజమాన్యం చేతిలో ఉంటే అవకాశం దక్కుతుంది. అంతకు మించి దానంతట అది ఏదీ ఇవ్వదు.

సింగరేణి చరిత్ర క్లుప్తంగా: 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది, ఇప్పుడున్న కంపెనీ 1920 డిసెంబరులో ఏర్పడింది, 1945లో మెజారిటీ వాటా నిజాం ప్రభుత్వం కొన్నది. అంటే దేశంలో బొగ్గు జాతీయీకరణ జరిగిన 1970లకు ఎంతో ముందే ఇది సర్కారు గని. ఇవాళ తెలంగాణ వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 శాతం. 2023-24లో తవ్వింది సుమారు 7 కోట్ల టన్నులు.

ఇక ఒక టన్ను బొగ్గు అమ్మితే రూపాయి ఎటు పోతుందో చూడండి. లెక్క తేలిగ్గా ఉండటానికి గని దగ్గర ధర టన్నుకు 3,000 రూపాయలు అనుకుందాం. అసలు ధర గ్రేడును బట్టి మారుతుంది. గ్రేడును జీ1 నుంచి జీ17 దాకా కిలోకు ఎన్ని కిలోకేలరీల వేడి వస్తుందో చూసి నిర్ణయిస్తారు. ఉదాహరణకు జీ11 అంటే 4,000 నుంచి 4,300 మధ్య. రాయల్టీ, అంటే ఖనిజం తీసినందుకు కట్టే రుసుము, 14 శాతం, అంటే 420 రూపాయలు రాష్ట్ర ఖజానాకు. ఖనిజ అన్వేషణ ట్రస్టుకు రాయల్టీ మీద 2025 సవరణ దాకా 2 శాతం, ఇప్పుడు 3 శాతం, అంటే 12 రూపాయల 60 పైసలు. గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం పెట్టిన జిల్లా ఖనిజ నిధికి, అందరూ డీఎంఎఫ్ అనేదానికి, పాత లీజయితే రాయల్టీలో 30 శాతం, అంటే 126 రూపాయలు. 2015 జనవరి 12 తర్వాత ఇచ్చిన లీజయితే 10 శాతమే, అంటే 42 రూపాయలు. వీటి మీద జీఎస్టీ. 2025 సెప్టెంబరు దాకా 5 శాతం పన్ను, దానితో పాటు టన్నుకు 400 రూపాయల సెస్సు ఉండేవి. ఇప్పుడు సెస్సు ఎత్తేసి పన్ను 18 శాతం చేశారు.

ఈ 126కూ 42కూ మధ్య ఉన్న తేడాను చాలామంది పట్టించుకోరు. దుమ్ము అదే, లారీలు అవే, పగుళ్లిచ్చే గోడలూ అవే. ఏడాదికి 20 లక్షల టన్నులు తీసే గని పక్కన ఉన్న ప్రాంతానికి పాత లీజు కింద 25 కోట్ల 20 లక్షలు వస్తాయి, కొత్త లీజు కింద 8 కోట్ల 40 లక్షలు వస్తాయి. వేలంలో బ్లాకు పాడుకున్న కంపెనీ రాష్ట్రానికి ఆదాయంలో వాటా కూడా ఇస్తుంది. దాని కనీస రేటు 4 శాతం, పోటీని బట్టి పెరుగుతుంది. కానీ ఆ డబ్బు ఖజానాకు పోతుంది, ఊరికి రాదు. "ప్రైవేటు వచ్చినా రాష్ట్రానికి అంతే డబ్బు వస్తుంది కదా" అనే వాదన విన్నప్పుడు, ఏ జేబులోకి అని అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సర్కారు గనికి పెద్ద జబ్బు లంచమో బద్ధకమో అనుకుంటారు. అవి ఉంటే ఉండొచ్చు గానీ, అంతకంటే లోతైన జబ్బు ఒకటుంది: యజమానే బాకీదారు. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం కరెంటు కేంద్రాలకు పోతుంది, వాటిలో రాష్ట్ర జెన్‌కోలది, అంటే కరెంటు తయారు చేసే సర్కారు కంపెనీలది, పెద్ద పద్దు. జెన్‌కోకు డిస్కం, అంటే ఇళ్లకు కరెంటు పంచే కంపెనీ, బాకీ. డిస్కంకు సబ్సిడీ డబ్బు ప్రభుత్వం బాకీ. ఈ గొలుసుకు చివర బొగ్గు కంపెనీ నిలబడి ఉంటుంది. అమ్మిన బొగ్గు లెక్కల్లో ఆదాయంగా చేరుతుంది, లాభం కనిపిస్తుంది, ఆ లాభం మీద ఆదాయపు పన్ను కట్టాలి. రాయల్టీ, జీఎస్టీ, జీతాలు కూడా నగదుగానే కట్టాలి. కొనుగోలుదారు నుంచి మాత్రం నగదు రాదు. అలా పేరుకున్న బాకీలు వేల కోట్లలో ఉంటాయి.

చేతిలో డబ్బు లేని గనిలో మొదట ఆగేది జీతం కాదు, బొగ్గు తీయడమూ కాదు. మొదట ఆగేది మట్టి తీయడం. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేలను పైనుంచి తెరిచి తవ్వే సింగరేణి గనుల్లో, టన్ను బొగ్గు బయటికి రావాలంటే దాని మీదున్న సుమారు 6 ఘనపు మీటర్ల మట్టి, రాయి తీయాలి. దీన్నే ఓవర్‌బర్డెన్, పొట్టిగా ఓబీ అంటాం. ఈ ఏడాది తీసే ఓబీ చాలావరకు రాబోయే ఏళ్ల బొగ్గు కోసం. అందుకే డబ్బు బిగిసినప్పుడు ఓబీ కాంట్రాక్టు బిల్లులు ఆపేసి, ఇప్పటికే తేలి ఉన్న బొగ్గు తోడుకుంటే ఆ ఏడాది టార్గెట్ దాటినట్టే కనబడుతుంది. రెండేళ్లు గడిచాక గనిలోని మెట్లు (బెంచీలు) ఇరుకైపోతాయి, తవ్వే యంత్రం (షవెల్) తిరగడానికి చోటు ఉండదు, డంపర్లు వరస కడతాయి, అవి నడిచే హాల్ రోడ్ల వాలు పెరిగి టైర్లు అరుగుతాయి. అప్పుడు ఉత్పత్తి పడిపోతుంది. నెపం కార్మికుల మీద, వానల మీద పడుతుంది. కాబట్టి గని ఆరోగ్యం చూడాలంటే బొగ్గు టన్నులతో పాటు అదే ఏడాది ఓబీ ఎంత తీశారో పక్కన పెట్టి చూడండి. బొగ్గు పెరిగి ఓబీ తగ్గితే అప్పు చేసి పండగ చేసుకున్నట్టే. 1990లలో సింగరేణి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు దాకా వెళ్లింది. కేంద్ర, రాష్ట్రాలు బాకీల్లో వెసులుబాటు ఇచ్చాకే ఒడ్డున పడింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. జాంబియా 1970లో రాగి గనుల్లో 51 శాతం తీసుకుంది. 1970ల మధ్యలో రాగి ధర పడింది. గని కంపెనీ ఊళ్లు, ఆసుపత్రులు, ఖజానా అన్నింటినీ మోసింది, కొత్త షాఫ్టులకు (గనిలోకి దిగే నిలువు బావులకు) డబ్బు మిగల్లేదు. ఒకప్పుడు ఏడాదికి 7 లక్షల టన్నులు దాటిన ఉత్పత్తి 2000 నాటికి 3 లక్షల లోపుకు పడి, గనులు ప్రైవేటుకు పోయాయి. చిలీ 1971లో రాగిని జాతీయం చేసింది, ఆ దేశ కంపెనీ కోడెల్కో ఇప్పటికీ నిలబడే ఉంది. అక్కడ కూడా ఎగుమతి అమ్మకాల్లో 10 శాతం సైన్యానికి ఇవ్వాలన్న చట్టం 2019 దాకా ఉంది. లాభంలో కాదు, అమ్మకంలో. పాత గనుల్ని లోతుగా తవ్వడానికి కోడెల్కో అప్పులు తెచ్చుకోవాల్సి వచ్చింది. గని ఎవరిదన్నది ఎంత ముఖ్యమో, గని పెట్టెలో యజమాని చేయి ఎంత లోతుకు పోవచ్చో ముందే రాసి పెట్టుకోవడం అంతే ముఖ్యం. సింగరేణికి కావాల్సిందీ అదే: కరెంటు కంపెనీ ఇన్ని రోజుల్లో కట్టాలి, కట్టకపోతే వడ్డీ ప్రభుత్వమే భరించాలి అని బడ్జెట్‌లో ఒక పద్దు.

మంచి వైపు కూడా అంతే వివరంగా చెప్పాలి. 2023-24లో సింగరేణి నికర లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచారు. దసరా ముందు ఆ డబ్బు గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం బజార్లలోకి వస్తుంది. అదే ఏడాది మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ మనిషికి 5,000 చొప్పున ఇచ్చారు. పర్మినెంటు కార్మికుడి సగటు వాటా లక్షా 90 వేల దాకా ఉంటే పక్కనే ఓబీ డంపర్ నడిపే కాంట్రాక్టు డ్రైవరుకు 5,000. ఇది సరైన పంపకం కాదని నా అభిప్రాయం. 1990ల మొదట్లో లక్షకు పైగా మనుషులతో 2 కోట్ల టన్నుల లోపు తీసేవారు, ఇప్పుడు సుమారు 40 వేల పర్మినెంటు వాళ్లతో 7 కోట్ల టన్నులు తీస్తున్నారు. మధ్యలో తగ్గిన మనుషుల పనిలో పెద్ద ముక్క ఓబీ కాంట్రాక్టర్లకు పోయింది. అందుకే "ప్రభుత్వమా, ప్రైవేటా" అన్న గీత గని లోపల అంత తిన్నగా లేదు.

ఆస్తి అమ్మి ఆస్తి కొన్న గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం 2016 నుంచి నడుస్తోంది. సోలార్ 200 మెగావాట్లు దాటింది, జైపూర్ రిజర్వాయరు నీళ్ల మీద తేలే పలకలతో సహా. ఒడిశాలోని నైనీ బ్లాకు 2015లో కేటాయిస్తే తవ్వకం మొదలైంది 2025లో. అటవీ భూమి బదలాయింపు దగ్గరే ఏళ్లు కరిగిపోయాయి. థర్మల్ కేంద్రం మళ్లీ బొగ్గు మీదే బతుకుతుంది కాబట్టి దాన్ని నేను పూర్తి లెక్కలో వేసుకోను. బొగ్గు అయిపోయాక కూడా జీతాలు ఇవ్వగలిగినదే అసలు ఆస్తి.

ఇక గుంత సంగతి. ఓపెన్‌కాస్ట్‌ను బొందలగడ్డ (శ్మశానం) అని మన దగ్గర ఊరికే అనలేదు. ఓపెన్‌కాస్ట్ మొదలుపెట్టినప్పుడు తొలి కోతలో వచ్చిన ఓబీ వేయడానికి గనిలో చోటుండదు కాబట్టి బయట గుట్టగా పోస్తారు. కొన్నేళ్లకు వెనక భాగం ఖాళీ అయ్యాక లోపలే పోస్తూ ముందుకు పోతారు. చివరికొచ్చేసరికి ఆఖరి కోత గుంత అలాగే మిగులుతుంది. దాన్ని నింపాలంటే ఎప్పుడో బయట పోసిన గుట్టను మళ్లీ తవ్వి తేవాలి. దానికి డబ్బు ఎక్కడుంది? గని మూసివేత కోసం ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప తీయరాని ఖాతాలో, ఏటా కొంత డబ్బు కట్టాలన్న నిబంధన 2009లో వచ్చింది, అప్పట్లో ఓపెన్‌కాస్ట్‌కు మొత్తంగా హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష, ధరలతో పాటు పెంచుతూ. 500 హెక్టార్ల గని అనుకుంటే అప్పటి మూల లెక్క 30 కోట్లు. మిగిలిన గుంత కోటి ఘనపు మీటర్లే అనుకున్నా ఘనపు మీటరుకు 30 రూపాయలు. తవ్వి, నింపి, కిలోమీటరో రెండు కిలోమీటర్లో మోసి, డోజర్‌తో సర్ది, పైన మట్టి పరిచి, చెట్లు నాటే పని అంతా ఆ ముప్పైలో కావాలి. అది సాధ్యం కాదని ఏ గని సూపర్‌వైజరును అడిగినా చెప్తాడు. అందుకే మూసివేత ప్లానుల్లో "జలాశయంగా వదిలేస్తాం" అన్న వాక్యం అంత ఎక్కువగా కనిపిస్తుంది. జలాశయం చెడ్డదేమీ కాదు, అంచులు మెట్లుగా వాలు చేసి, దిగడానికి దారి పెట్టి, చుట్టూ కంచె వేస్తే చేపలకూ తాగునీటికీ పనికొస్తుంది. నిలువు గోడలతో వదిలేస్తే పశువులనూ పిల్లలనూ మింగుతుంది.

ఓబీ గుట్ట దగ్గర చూడాల్సినవి: ఒక్కో మెట్టు 30 మీటర్లు దాటకూడదు, మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదు అని పర్యావరణ అనుమతుల్లో మామూలుగా రాసి ఉంటుంది. గుట్ట కాలి దగ్గర రాతి గోడ, దాని వెలుపల చుట్టుకాల్వ, కాల్వ చివర ఒండ్రు ఆగే గుంట ఉండాలి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నల్లరేగడి నేల మీద పైమట్టి తీయకుండా గుట్ట పోసేస్తారు. వానాకాలంలో అడుగున రేగడి నాని జారుడుబల్లలా అవుతుంది, గుట్ట కాలు ముందుకు జరుగుతుంది. పైమట్టిని మొదటే విడిగా తీసి, ఎత్తు తక్కువ కుప్పగా పెట్టి, ఒకటి రెండేళ్లలోపే వాడాలి. ఐదారేళ్లు పెద్ద గుట్టగా ఉంచితే అందులో ప్రాణం పోతుంది, ఉత్త మన్ను మిగులుతుంది. ఇసుకరాయి గుట్టల మీద నాటిన మొక్కలు చచ్చిపోవడానికి ఒక కారణం కూడా అదే. నివేదికల్లో నాటిన మొక్కల సంఖ్య ఉంటుంది, మూడో ఏటికి బతికున్నవి ఎన్నో అడగాలి. తొలకరి తర్వాత గుట్ట మీద పొగ లేస్తే అందులో బొగ్గు కలిసిన పెంకు రాయి (షేల్) వేసి ఉండొచ్చని అర్థం. నీళ్లు చల్లితే ఆరదు, మంటకు గాలి అందకుండా పొరలు పొరలుగా మట్టి కప్పి తొక్కించాలి.

పేలుళ్ల గురించి ఊళ్లవాళ్లకు ఉపయోగపడే లెక్క ఒకటి. కంపెనీకి చెందని మామూలు ఇళ్ల దగ్గర నేల అదురు, ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆ పైన 15 మించకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో హద్దు పెట్టింది. "రీడింగ్ 7 వచ్చింది, పర్వాలేదు" అంటే సరిపోదు, ఎన్ని హెర్ట్జ్ దగ్గర వచ్చిందో అడగండి. దూరం పెరిగే కొద్దీ తక్కువ ఫ్రీక్వెన్సీ అలలే మిగులుతాయి, మట్టి గోడల ఇళ్లను కదిపేవి అవే. కంపెనీ ఇచ్చే రీడింగ్ చీటీలో దూరం, ఒక్కో డిలేకి (విడతకు) పేల్చిన మందు ఎన్ని కిలోలో కూడా ఉండాలి. గోడ పగులు మీద తేదీ రాసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ అడ్డంగా అతికించండి. పేలుడు తర్వాత పట్టీ చిట్లితే ఫొటోతో సహా ఫిర్యాదు చేయొచ్చు.

భూగర్భ గనుల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నేలను కాపాడేది అవే. కానీ ఇప్పుడు ఉత్పత్తిలో వాటి వంతు పదో వంతు లోపే, టన్ను తీయడానికయ్యే ఖర్చు అమ్మకం ధరను దాటిపోతోంది. ఓపెన్‌కాస్ట్ లాభంతో వాటిని సాకుతున్నారు. ఇలా సాకడం ప్రైవేటు కంపెనీ చేయదు. పైకప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు పిల్లర్లు కూడా తీసేశాక ఖాళీలో ఇసుక నింపకపోతే పైన పొలం కుంగుతుంది. గోదావరి ఇసుక బదులు ఓబీ ఇసుకరాయిని నలగ్గొట్టి నింపడం సింగరేణి మొదలుపెట్టింది. నదినీ గుట్టనూ ఒకేసారి తగ్గించే పని ఇది, ఎంత పెంచితే అంత మేలు.

ఏజెన్సీ ప్రాంతాల్లో సర్కారు గనికి చట్టపరంగా ఇంకో అర్థం ఉంది. విశాఖ మన్యంలోని అనంతగిరి మండలంలో గిరిజనుల భూమిలో ఇచ్చిన మైనింగ్ లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చని వదిలింది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా ఉంచాలని కూడా అదే తీర్పులో ఉంది. మొదటి మాట అందరికీ గుర్తుంది, ఈ రెండోది గుర్తు చేసేవాళ్లు తక్కువ. సర్కారు కార్పొరేషన్ పేరు మీద లీజు తీసుకుని ఖనిజం మొత్తం ఒక ప్రైవేటు ఫ్యాక్టరీకి కట్టబెట్టే ఒప్పందం రాస్తే తీర్పులో అక్షరం మిగులుతుంది, ప్రాణం పోతుంది. విశాఖ మన్యం బాక్సైట్ మీద గిరిజనులు పోరాడింది ఇలాంటి ఒప్పందాల మీదే.

మీరు అడిగినదానికి నా జవాబు: నేను సర్కారు గని వైపే ఉంటాను, రెండు షరతుల మీద. ప్రభుత్వం కరెంటు బాకీ గడువులో తీర్చాలి, లాభంలో ఒక భాగాన్ని గని మూతపడ్డాక ఆ ఊళ్లు బతకడానికి తాళం వేసి ఉంచాలి. బెల్లంపల్లిలో, ఇల్లందులో బావులు ఒక్కొక్కటిగా మూతపడ్డాక క్వార్టర్లు, బజార్లు ఎలా ఖాళీ అయ్యాయో అక్కడివాళ్లకు తెలుసు. ఆ రెండు ఊళ్ల కింద తీసిన బొగ్గు మీద నిధి ఒకటి మొదటి నుంచీ ఉంటే ఇవాళ అక్కడ కాలేజో ఫ్యాక్టరీయో దాని వడ్డీతోనే నడిచేది.

మీ జిల్లాలో గని ఉంటే పరిశీలించడం ఇలా మొదలుపెట్టండి. ఆ గని పర్యావరణ అనుమతి లేఖ కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది, షరతులకు నంబర్లు ఉంటాయి. ఆరు నెలలకోసారి, జూన్‌లో, డిసెంబరులో, కంపెనీ ఇవ్వాల్సిన అమలు నివేదికను పక్కన పెట్టి నంబరుకు నంబరు చూడండి. "అమలవుతోంది" అని ఒక్క మాట రాసిన చోట అసలు కొలత అడగండి. డీఎంఎఫ్ పనుల జాబితా కలెక్టరేట్‌లో తీసుకుని ఏ పని గనికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో జరిగిందో గుర్తు పెట్టండి. కొత్త మార్గదర్శకాల ప్రకారం 15 కిలోమీటర్ల లోపు ఊళ్లు నేరుగా దెబ్బతిన్నవి, నిధిలో 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికే పోవాలి. ఎస్క్రో ఖాతాలో ఎంత ఉందో సమాచార హక్కు కింద అడగండి, బొగ్గు కంట్రోలర్ కార్యాలయానికి కూడా ఒక దరఖాస్తు పెట్టండి. పెద్ద వాన పడ్డ మర్నాడు గుట్ట కాలి దగ్గరి కాల్వ నీళ్ల రంగు చూసి ఫొటో తీసి పెట్టుకోండి, తేదీతో సహా.